బంతిని దాచుకుని మనిషిని బయట నిలబెట్టారు: బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ పెద్దలకు బహిరంగ లేఖ

నేషనల్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ పాలకమండలి సభ్యులకు,
కూపర్స్‌టౌన్, న్యూయార్క్.

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. కోపం వచ్చినప్పుడు నా ఇంగ్లీషు తడబడుతుంది, అదొక కారణం. పాతికేళ్లుగా అమెరికాలో ఉంటూ కూడా బేస్‌బాల్ పేరెత్తితే ఆవలించే మావాళ్లు ఓ నలుగురు చదవాలన్నది ఇంకో కారణం. మీ కాపీని మా అబ్బాయి ఇంగ్లీషులోకి మార్చి పోస్టు చేస్తాడు. వాడికి పదహారేళ్లు, హైస్కూల్ టీమ్‌లో సెకండ్ బేస్ ఆడతాడు. అనువాదంలో ఎక్కడైనా ఘాటు ఎక్కువైతే అది వాడిదే, నాది కాదు.

2025 డిసెంబరులో, ఆటను ఏలినవాళ్ల ఫలకాలుండే మీ హాల్‌లోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి మీ పదహారు మంది కమిటీ కూర్చుంది. ఎనిమిది మంది పాత ఆటగాళ్ల పేర్లు ముందు పెట్టారు. ఒక్కో సభ్యుడు మూడు పేర్లకు మించి ఓటు వేయకూడదు. పన్నెండు ఓట్లు వచ్చినవాళ్లు లోపలికి. జెఫ్ కెంట్‌కి 14 వచ్చాయి. హోమ్ రన్లు, అంటే మన సిక్సర్లలా గోడ దాటించే దెబ్బలు, అందరికంటే ఎక్కువ కొట్టి, స్టెరాయిడ్లు వాడారన్న మచ్చ మోస్తున్న బ్యారీ బాండ్స్‌కి ఎన్ని వచ్చాయో మీరు చెప్పలేదు. "అయిదు కంటే తక్కువ" అని మాత్రం అన్నారు. రోజర్ క్లెమెన్స్‌కీ, గ్యారీ షెఫీల్డ్‌కీ అదే మాట. అయిదు కంటే తక్కువంటే నాలుగా, ఒకటా, సున్నానా? పదో తరగతి ఫెయిలైన పిల్లాడికి కూడా మార్కుల లిస్టు చేతిలో పెడతారండీ.

2025లో మీరు పెట్టిన కొత్త రూలు ఒకటుంది. అయిదు ఓట్లు రానివాళ్ల పేరు 2028లో వచ్చే తర్వాతి విడతలో తీయకూడదు. 2031లో మళ్లీ తీయొచ్చు. అప్పుడు కూడా అయిదు రాకపోతే ఇక ఎప్పటికీ లేదు. ఎవరూ గట్టిగా కాదని చెప్పక్కర్లేదు, ఎందుకో చెప్పక్కర్లేదు, ఊరుకుంటే తలుపు దానంతటదే మూసుకుంటుంది. నేను రాస్తున్నది ఈ తలుపు గురించే.

కెంట్ మీద నాకేం కోపం లేదు. సెకండ్ బేస్‌లో ఆడినవాళ్లలో ఆయనకంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాళ్లు లేరు, మా అబ్బాయి గదిలో ఆయన పోస్టర్ కూడా ఉంది. కానీ ఆయన ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయిన 2000 సీజన్‌లో పక్కన బ్యాటింగ్ చేసింది బాండ్సే. ఆ ఏడాది ఓట్లలో రెండో స్థానంలో నిలిచిందీ బాండ్సే. ఇద్దరికీ పడేది కాదు. 2002లో శాన్ డియేగోలో ఆట నడుస్తుండగా టీమ్ కూర్చునే డగౌట్‌లోనే కలబడ్డారు. అలాంటి జోడీలో ఒకడికి కంచు ఫలకం, ఇంకొకడికి లెక్క కూడా చెప్పని ఓట్లు.

అసలు నాకీ ఆట నేర్పింది బాండ్స్.

2001 ఫిబ్రవరిలో గుంటూరు నుంచి వచ్చాను. మే నెలకల్లా కంపెనీ బెంచ్ మీద కూర్చోబెట్టింది. మావాళ్లకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు, మీకోసం చెప్తున్నాను: ప్రాజెక్టు లేదు, జీతం లేదు, ఫోన్ మోగితే ఉలిక్కిపడటమే పని. ఫ్రీమాంట్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. కేబుల్‌కి డబ్బుల్లేవు. యాంటెన్నాకి దొరికిన చానెల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో టీమ్ జెయింట్స్ మ్యాచ్‌లు వచ్చేవి. పెరుగన్నం ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని చూసేవాళ్లం. క్రికెట్ కళ్లకి మొదట ఏమీ అర్థమయ్యేది కాదు. బ్యాట్ గుండ్రంగా ఉంది, వికెట్లు లేవు, కొట్టినవాడు బ్యాట్ పారేసి పరిగెడుతున్నాడు. కుడి మోచేతికి పెద్ద కవచం కట్టుకుని ఒక ఎడమచేతి వాటం మనిషి వచ్చి నిలబడినప్పుడు మాత్రం గదిలో మాటలు ఆగిపోయేవి. బంతి తర్వాత బంతి వదిలేసేవాడు, కదిలేవాడు కాదు. తనకి నచ్చింది ఒక్కటి వస్తే చాలు, అది స్టేడియం గోడ దాటి వెనక మెకోవీ కోవ్ నీళ్లలో పడేది. ఆ నీళ్లలో పడవలేసుకుని బంతుల కోసం కాచుకునే జనం.

అక్టోబరు 5 రాత్రి ఆ సీజన్‌లో బాండ్స్ 71వ హోమ్ రన్, ఆ వెంటనే 72. ఒక్క సీజన్‌లో మార్క్ మెగ్వైర్ కొట్టిన 70 రికార్డు పోయింది. సెప్టెంబరు 11 జరిగి నెల కూడా కాలేదు. వీసాలు ఏమవుతాయో, ఎప్పుడు తిరిగి పంపేస్తారో అన్న టెన్షన్‌లో ఉన్న ఆరుగురు కుర్రాళ్లం ఒక్కసారిగా అరిచిన అరుపుకి కింది వాటా పెద్దాయన పైకొచ్చి తలుపు బాదాడు. తిట్టడానికే అనుకున్నాం. తలుపు తీస్తే ఆయన జెయింట్స్ టోపీలో నిలబడి ఉన్నాడు, చేతిలో అరడజను బీరు సీసాలు. స్కోరు కార్డు ఎలా రాయాలో నాకు నేర్పింది ఆయనే. రెండు రోజుల తర్వాత 73.

ఉద్యోగం దొరికాక, 2004లో, మొదటిసారి స్టేడియానికి వెళ్లాను. టికెట్‌కి పెట్టిన డబ్బులు నాకు ఇప్పటికీ గుర్తే. బాండ్స్ నాలుగుసార్లు బ్యాటింగ్‌కి వస్తే మూడుసార్లు కొట్టే బంతే వేయలేదు. మన లెక్కలో చెప్పాలంటే కావాలని నాలుగు వైడ్లు వేసి ఫస్ట్ బేస్‌కి పంపేశారు. అలా పిరికిపని చేసినప్పుడల్లా అక్కడి జనం రబ్బరు కోళ్లు వేలాడదీసేవాళ్లు. ఆ ఏడాది మొత్తం ఆయన్ని 232 సార్లు అలా కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి నడిపించారు, అందులో 120 ఉద్దేశపూర్వకంగా. రూలు ప్రకారమే అనుకోండి, అయినా ప్రత్యర్థులు "నీతో మేం ఆడలేం" అని 120 సార్లు ఒప్పుకున్నట్టే కదా.

ఇక బర్లింగేమ్ సంగతి. అప్పట్లో డేలీ సిటీ నుంచి శాన్ మాటియోలోని ఆఫీసుకి రోజూ 101 హైవే మీద ఆ ఊరు దాటే వెళ్లేవాణ్ణి. బాల్కో అనే విటమిన్ల కంపెనీ అక్కడుందని నాకేం తెలుసు? 2003 సెప్టెంబరు 3న ఫెడరల్ ఏజెంట్లు దాని మీద దాడి చేశారని టీవీలో చూసినప్పుడే తెలిసింది. విక్టర్ కాంటే అనే మనిషి దాన్ని నడిపేవాడు. అక్కడ రెండు సరుకులుండేవి. ఒకటి "క్లియర్", నాలుక కింద వేసుకునే చుక్కలు. అప్పటి ల్యాబ్ పరీక్షల జాబితాలో పేరే లేని కొత్త స్టెరాయిడ్ అది. వాడేసిన సిరంజి ఒకటి అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ చేతికి చేరి, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్‌లో డాన్ కాట్లిన్ బృందం దాని గుట్టు విప్పేదాకా అది ఎవరికీ కనబడలేదు. రెండోది "క్రీమ్". ఒంటికి రాసుకునే టెస్టోస్టెరాన్. మూత్ర పరీక్షలో టెస్టోస్టెరాన్‌ని ఎపిటెస్టోస్టెరాన్ అనే ఇంకో పదార్థంతో పోల్చి, నిష్పత్తి బాగా పెరిగితే పట్టుకుంటారు. అందుకని ఆ రెండోదాన్ని కూడా క్రీమ్‌లోనే కలిపేశారు. రెండూ కలిసి పెరుగుతాయి కాబట్టి నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. దొంగ లెక్కలు రాసేవాడు జమా ఖర్చూ రెండూ పెంచినట్టన్నమాట.

ఆ కంపెనీ కేసులో గ్రాండ్ జ్యూరీ, అంటే విచారణకు కూర్చునే పౌరుల బృందం, ముందు బాండ్స్ ఏం చెప్పారో తర్వాత పత్రికలో వచ్చింది. ట్రైనర్ ఇచ్చింది అవిసె నూనె అనుకున్నానని, రాసుకున్నది కీళ్లనొప్పుల మందు అనుకున్నానని. మా అమ్మ మోకాళ్ల నొప్పులకి పదేళ్లుగా అవిసె గింజల కారప్పొడి తింటోంది. ఇంతవరకూ ఒక్క సిక్సర్ కొట్టలేదు.

కాబట్టి నన్ను గుడ్డి అభిమాని అనుకోకండి. కోర్టు తేల్చిందేమిటో నాకు తెలుసు: 2011లో న్యాయానికి అడ్డుపడ్డారని దోషిగా తేల్చారు, 2015లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అది చట్టం మాట. నా మాట అడిగితే, ఆయన చెప్పింది నేను నమ్మలేదు. ముప్పై ఏడేళ్ల వయసులో ఎవరూ అలా కొట్టరు. ఏ మందూ ముట్టుకోకుండా ఆడి, మందు కొట్టినవాడి ముందు నిలవలేక, మైనర్ లీగుల్లోనే ముసలివాళ్లయిపోయి ఇంటికెళ్లిన కుర్రాళ్లున్నారు. వాళ్ల పేర్లు మీ గోడ మీదా లేవు, మా నోళ్లలోనూ లేవు. "స్టెరాయిడ్లు వాడినవాళ్లని రానివ్వకండి" అని 2017లో మీ హాల్‌లో ఉన్న పాత ఆటగాడు జో మోర్గన్ ఓటర్లకి ఉత్తరం రాసినప్పుడు నేను ఎదురు మాట్లాడలేకపోయాను. ఆయన వాదనలో న్యాయం ఉంది.

కానీ ఆ న్యాయం ఒక్క డ్రెస్సింగ్ రూమ్ దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

1994 సమ్మె గుర్తుంది కదా. వరల్డ్ సిరీస్ రద్దయింది, జనం అలిగి స్టేడియాలకి రావడం తగ్గించారు. 1998లో మార్క్ మెగ్వైర్, సామీ సోసా పోటీపడి హోమ్ రన్లు బాదితే మళ్లీ వచ్చారు. ఆ ఆగస్టులోనే ఒక విలేకరి మెగ్వైర్ లాకర్‌లో ఆండ్రోస్టెన్‌డయోన్ అనే కండ పెంచే మందు సీసా చూసి రాశాడు. ఏమైంది? సీసా చూసినవాణ్ణి తిట్టారు. సెప్టెంబరు 8న సెయింట్ లూయిస్‌లో మెగ్వైర్ పాత సీజన్ రికార్డు దాటించే 62వది కొట్టిన రాత్రి, లీగ్ మొత్తానికి పెద్ద అయిన కమిషనర్ బడ్ సెలిగ్ మైదానంలో ఉన్నారు. చారిత్రక ఘనత పేరుతో కొత్త అవార్డు పెట్టి మరీ మెగ్వైర్‌కి ఇచ్చారు. స్టెరాయిడ్లు నిషేధమని 1991లోనే అప్పటి కమిషనర్ కాగితం పంపారు గానీ, ఎవరినీ పరీక్షించలేదు. పేర్లు బయటపెట్టని మొదటి సర్వే పరీక్షలు 2003లో. దొరికితే శిక్షలు 2004 నుంచి. పన్నెండు, పదమూడేళ్లు కాగితం ఉంది, కాపలా లేదు. టీమ్ ఓనర్లు, ఆటగాళ్ల యూనియన్, రాసే పత్రికలవాళ్లు, అరిచే మేము. తిలా పాపం తలా పిడికెడు.

తొమ్మిదేళ్ల తర్వాత, 2007 ఆగస్టు 4న, శాన్ డియేగోలో బాండ్స్ 755వ హోమ్ రన్ కొట్టి, అప్పటిదాకా కెరీర్ రికార్డు ఉన్న హ్యాంక్ ఏరన్ సరసన నిలిచారు. అదే సెలిగ్ బాక్సులో లేచి నిలబడ్డారు, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని. చప్పట్లు కొట్టలేదు. ఆ దృశ్యం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 1998లో అవార్డు ఇచ్చిన చేతులే అవి. ఇంకో చిత్రం చెప్పనా? ఆ బంతి వేసిన పిచర్ క్లే హెన్స్లీ. ఆయన కూడా 2005లో మైనర్ లీగ్‌లో ఉండగా స్టెరాయిడ్ పరీక్షలో దొరికి 15 ఆటలు సస్పెండ్ అయినవాడే. ఎవరు మోసగాడు, ఎవరు మోసపోయినవాడు అని గీత గీయబోతే ఆ రోజు మైదానంలో సుద్దముక్క చాలదు.

మూడు రోజుల తర్వాత 756. ఆ బంతిని వేలంలో ఒక ఫ్యాషన్ వ్యాపారి 752,467 డాలర్లకి కొన్నాడు. ఏం చేయాలో చెప్పమని జనాన్ని అడిగి, వాళ్లు చెప్పినట్టే దాని మీద నక్షత్రం గుర్తు చెక్కించి 2008లో మీకు పంపాడు. "షరతులు వర్తిస్తాయి" అనడానికి మా ప్రకటనల్లో పెడతారే, ఆ చుక్క. మీరు తీసుకున్నారు. బంతి మీ దగ్గరుంది. అది ఎవరి బ్యాట్‌కి తగిలిందో ఆ మనిషి మాత్రం మీ గోడ మీద లేడు. సెలిగ్ 2017 నుంచి ఉన్నారు. ఇలాంటి మీ కమిటీయే 16లో 15 ఓట్లేసి గెలిపించింది.

మాకో సామెత ఉంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. మీ గ్యాలరీ నిండా అత్తలే. పిచర్ గేలార్డ్ పెర్రీ బంతికి ఉమ్మి, వేజలిన్ పూస్తానని సొంత పుస్తకంలోనే ఒప్పుకున్నారు, 1991లో రానిచ్చారు. 1889లో పడ్ గాల్విన్ జంతువుల వృషణాల నుంచి తీసిన రసం ఎక్కించుకుని ఆడితే వాషింగ్టన్ పత్రిక మెచ్చుకుంటూ రాసింది, 1965లో రానిచ్చారు. ఆ రసం పనిచేయదని తర్వాత తేలింది, అది వేరే సంగతి. ఆయన ఉద్దేశం మాత్రం నిఖార్సయినదే! దశాబ్దాల పాటు డ్రెస్సింగ్ రూముల్లో ఆంఫెటమిన్ మాత్రలు చలామణీ అయ్యాయి. వాటిని నిషేధించింది 2006 సీజన్ నుంచి. ఇక మీరు ఓటర్లకి చూపించే "నిజాయతీ, నడవడిక" షరతు కమిషనర్ లాండిస్ కాలం నాటిది. ఆయన కుర్చీలో ఉన్న దాదాపు పాతికేళ్లలో మేజర్ లీగుల్లో ఒక్క నల్లజాతి ఆటగాడు ఆడలేదు. ఆయన ఫలకం 1944 నుంచి మీ గోడ మీద ఉంది. నడవడిక గురించి ఇంతకంటే రాయను, రక్తపోటు మాత్ర వేసుకోవాల్సి వస్తుంది.

2019 వేసవిలో ఎడిసన్‌లో మా తోడల్లుడి ఇంటి నుంచి కారులో మీ ఊరు వచ్చాం. సరస్సు పక్కన ఎంత ముచ్చటైన ఊరండీ. ఫలకాల గ్యాలరీలో మా వాడు, అప్పటికి తొమ్మిదేళ్లు, "బి" అక్షరంతో మొదలయ్యే పేర్లన్నీ వెతుక్కుంటూ పోయాడు. వాడు జెయింట్స్ టోపీ తీయడు, బాండ్స్ నంబరు 25 ఉన్న చొక్కా విప్పడు. సగం గోడలు తిరిగాక వచ్చి అడిగాడు, "నాన్నా, ఎక్కువ కొట్టినవాడు ఎక్కడ?" చెప్పాను, నాకు తెలిసినంత. మందు సంగతి, అవిసె నూనె సంగతి. విని కాసేపు ఆలోచించి, సెలిగ్ ఫలకం వైపు చూపించి, "మరి ఈయన ఎన్ని కొట్టాడు?" అన్నాడు.

నవ్వుకున్నాం అప్పుడు. కిందటి ఏడాది నవ్వు రాలేదు. వాళ్ల టీమ్‌లో ఒక పిల్లాడు వేసవి సెలవులు అయ్యేసరికి పది కిలోలు కండ పెంచుకుని వచ్చాడు, వీపు నిండా మొటిమలతో. కోచ్ ఏమీ అడగలేదు. పిల్లలందరికీ తెలుసు, పెద్దవాళ్లందరికీ అనుమానం. ఇంటికొచ్చి మా వాడు చాలా మామూలుగా, కంచంలో చేయి పెట్టుకుని అన్నాడు: "దొరక్కపోతే ఏం కాదు కదా." దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఈ సామెత నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

2003 జూలైలో టెక్సాస్‌లోని ప్లేనోలో పదిహేడేళ్ల హైస్కూల్ పిచర్ ఒకడు ప్రాణం తీసుకున్నాడు. స్టెరాయిడ్లు మానేశాక కమ్ముకున్న డిప్రెషనే కారణమని వాళ్ల నాన్న నమ్మారు. 2005 మార్చి 17న వాషింగ్టన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని ఆ మాట చెప్పారు. అదే రోజు, అదే గదిలో, మెగ్వైర్ "గతం గురించి మాట్లాడటానికి రాలేదు" అన్నారు. ఇవాళ ఆ ప్లేనోలో, పక్కనే ఫ్రిస్కోలో, ఏ వీధి చూసినా మావాళ్లే. వాళ్ల పిల్లలు అవే మైదానాల్లో ఆడుతున్నారు. ఈ ఉత్తరం మావాళ్లు కూడా చదవాలని అందుకే అన్నాను. గతం గురించి మాట్లాడకపోతే ఎవరికి ఏమవుతుందో ఆ తండ్రిని అడగాలి.

మీరు గతం గురించి మాట్లాడటానికే పెట్టిన సంస్థ. మీది మ్యూజియం కూడా కదా! బాండ్స్‌ని బయట ఉంచి "వాడొద్దు" అని పిల్లలకి చెబుతున్నామని మీరు అనుకుంటున్నారు. 2003 సర్వే పరీక్షల జాబితాలో ఉన్నట్టు పత్రికల్లో పేరు వచ్చిన డేవిడ్ ఓర్టిజ్‌ని పత్రికల్లో బేస్‌బాల్ రాసే రచయితలు, మీ కమిటీ కంటే ముందు ఓటేసేది వాళ్లే, 2022లో మొదటి ప్రయత్నంలోనే 77.9 శాతంతో ఎన్నుకున్నారు. ఆ పరీక్షలో తప్పు ఉండొచ్చని తర్వాత కమిషనర్ మాన్‌ఫ్రెడ్ అన్నారు, ఉండొచ్చు. ఓర్టిజ్ అంటే నాకూ ఇష్టమే. కానీ నవ్వు మొహం ఉన్నవాడికి ఒక తరాజు, విలేకరుల మీద విసుక్కునేవాడికి ఒక తరాజు అని మా అబ్బాయి అంటే నా దగ్గర జవాబు లేదు. అదే 2022లో బాండ్స్‌కి 394 మంది రచయితల్లో 260 మంది ఓటేశారు. 66 శాతం. కావాల్సింది 75. సరే, రూలు రూలే. కానీ మూడింట రెండు వంతుల మంది సరేనన్న పేరుని, మూసిన గదిలో పదహారు మంది, లెక్క కూడా చెప్పకుండా, శాశ్వతంగా చెరిపేసే వీలు కల్పించడం ఏ రకం నడవడిక?

క్రికెట్‌లో షేన్ వార్న్‌ని 2003 ప్రపంచకప్ మొదలవుతుండగా ఇంటికి పంపేశారు, మూత్రం ఎక్కువయ్యే మాత్రలో నిషిద్ధ పదార్థం దొరికి. ఏడాది నిషేధం. 2013లో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. మాత్ర సంగతి ఎవరూ దాచలేదు, బంతి తిరిగిన సంగతీ దాచలేదు. స్టెరాయిడ్‌కీ దానికీ తేడా ఉందంటారు, ఒప్పుకుంటాను. శిక్ష వేసి, చెప్పి, ఆ తర్వాత లోపలికి రానిచ్చారన్నదే నేను చూపిస్తున్నది.

నేను అడిగేది ఇది. అయిదు ఓట్ల రూలు తీసేయండి. ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో చెప్పండి. బాండ్స్‌ని లోపలికి తీసుకోండి, ఫలకం మీద 762 అని రాయండి, ఏడు ఎంవీపీలు రాయండి, దాని కిందే బర్లింగేమ్ అని కూడా రాయండి. కంచులో పోతపోసి రాయండి, చుక్క గుర్తు పెట్టి తప్పించుకోకుండా. మెగ్వైర్ 2010లో తనే ఒప్పుకున్నారు, ఆయనకీ అలాగే. సెలిగ్ ఫలకం కరిగించి మళ్లీ పోయించండి. 1998లో ఏ అవార్డు ఇచ్చారో, పరీక్షలు ఏ సంవత్సరం మొదలయ్యాయో రెండు లైన్లు చేర్చండి. స్థలం చాలకపోతే అక్షరాలు చిన్నవి చేయండి.

ఈ జూలైలో కెంట్ సన్మానానికి వస్తున్నాం, నేనూ మా వాడూ. ముందురోజు ఎడిసన్‌లో తోడల్లుడి ఇంట్లో దిగుతాం. మీలో ఎవరికైనా ఓపిక ఉంటే గ్యాలరీలో సెలిగ్ ఫలకం ముందు కలవండి. పొద్దున తలుపులు తీసే వేళకే వచ్చేస్తాం. మమ్మల్ని గుర్తుపట్టడం తేలిక: పాతబడిన 25 నంబరు చొక్కా ఒకటి, మా వాడికి అదిప్పుడు పొట్టిదైపోయింది కాబట్టి నేనే వేసుకుంటున్నాను.

ఇట్లు,
ఒక జెయింట్స్ అభిమాని,
శాన్ మాటియో, కాలిఫోర్నియా.